గ్యాస్ పైకి పోతుందా, కిందికి దిగుతుందా: 29తో పోల్చి చూసుకోండి

బెంగళూరు రామ్మూర్తి నగర్‌లో మేముండే అపార్ట్‌మెంట్‌కి ఈమధ్యే పైపు గ్యాస్ వచ్చింది. మా ఇంట్లో గ్యాస్ డిటెక్టర్ నాలుగేళ్లుగా వంటగట్టు కింద, గచ్చుకి జానెడున్నర ఎత్తులో ఉంది. పైపు బిగించడానికి వచ్చిన కుర్రాణ్ణి "ఇది పైకి మార్చాలి కదా" అని అడిగితే, "గ్యాస్ గ్యాసే కదా మేడమ్, ఎక్కడున్నా ఒకటే" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం లిఫ్టులో పక్క ఫ్లాట్ అత్తయ్యగారు కనిపిస్తే, "పైపు గ్యాస్ పైకి పోతుందండీ, డిటెక్టర్ పైనుండాలి" అన్నాను. మర్నాడు వాళ్లింటికి వెళ్లి చూస్తే నా గుండె ఆగినంత పనైంది. ఆవిడ డిటెక్టర్ని సీలింగ్ కిందకి మార్పించేశారు. కానీ వాళ్లకి పైపు కనెక్షన్ ఇంకా రాలేదు. స్టవ్ వెలుగుతున్నది గ్యాస్ బండ మీదే. బండ లీకైతే గ్యాస్ నేలబారున గది నిండుతుంది, ఆ డిటెక్టర్‌కి కబురు అందేసరికి ఆలస్యమైపోతుంది.

తప్పు ఆవిడది కాదు. రెండింటినీ గ్యాస్ అనే పిలుస్తాం. నేను పీణ్యాలో ఒక ఫ్యాక్టరీ సేఫ్టీ విభాగంలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. కొత్తగా చేరిన ప్రతి వెల్డర్‌కీ మొదటి రోజు చెప్పింది ఒకటే లెక్క. అదే ఇక్కడ రాస్తున్నాను. ఎనిమిదో తరగతి కూడికలు, భాగహారాలు వస్తే చాలు.

గాలిలో నూటికి 78 పాళ్లు నైట్రోజన్, 21 పాళ్లు ఆక్సిజన్, దాదాపు 1 పాలు ఆర్గాన్. నైట్రోజన్ అణుభారం 28, ఆక్సిజన్‌ది 32, ఆర్గాన్‌ది 40. ఎవరి వాటా ప్రకారం వాళ్ల బరువు కలిపితే 28.96 వస్తుంది. అంటే 29. గాలికి ఇదే బరువు అనుకోండి. ఒకే వేడి, ఒకే పీడనం దగ్గర ఏ వాయువైనా ఒక లీటరులో ఉండే అణువుల సంఖ్య ఒక్కటే అని ఇటలీ శాస్త్రజ్ఞుడు అవొగాడ్రో 1811లో ప్రతిపాదించాడు. కాబట్టి లీటరు గ్యాస్ బరువా, లీటరు గాలి బరువా అని తేల్చడానికి కాటా అక్కర్లేదు. అణుభారాన్ని 29తో భాగిస్తే సరిపోతుంది.

గుర్తుంచుకోవాల్సిన పరమాణు భారాలు ఆరే: హైడ్రోజన్ 1, కార్బన్ 12, నైట్రోజన్ 14, ఆక్సిజన్ 16, గంధకం 32, క్లోరిన్ 35.5. అణువులో ఉన్న పరమాణువుల భారాలన్నీ కూడితే అణుభారం. హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్, క్లోరిన్ వాయువుల్లో పరమాణువులు జంటగా ఉంటాయి, అందుకే నైట్రోజన్ అణుభారం 14 కాదు, 28.

ఇప్పుడు వంటింటికే రండి. పైపులో వచ్చేది చాలావరకు మీథేన్. ఒక కార్బన్, నాలుగు హైడ్రోజన్లు: 12, 4 కలిపితే 16. పదహారుని ఇరవైతొమ్మిదితో భాగిస్తే 0.55. గాలిలో సగం బరువే కాబట్టి సీలింగ్‌కి ఎక్కుతుంది. బండలో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ల మిశ్రమం. ప్రొపేన్‌లో మూడు కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు, మొత్తం 44. అంటే గాలికి ఒకటిన్నర రెట్లు. బ్యూటేన్ 58, సరిగ్గా రెండు రెట్లు. ఇది నీళ్లలా గచ్చు మీద పరుచుకుంటుంది. గుమ్మం కింద సందు దొరికితే పక్క గదిలోకి పోతుంది, మెట్లుంటే మెట్లు దిగుతుంది, సెల్లార్ ఉంటే సెల్లార్‌లో చేరుతుంది.

భాగిస్తే వచ్చే అంకెని నేను మూడు రకాలుగా చూస్తాను. 0.8 కంటే తక్కువైతే పైకి. 1.2 దాటితే కిందికి. ఈ రెండింటి మధ్య ఉంటే ఎటూ పోదు, గాలితో కలిసి గదంతా ఉంటుంది. ఇది పుస్తకంలో సూత్రం కాదు, నేను పనిలో పెట్టుకున్న కొలమానం. హైడ్రోజన్ 0.07, హీలియం (అణుభారం 4) 0.14, మీథేన్ 0.55, అమ్మోనియా 0.59, ఇవన్నీ పైకి. ఎసిటిలీన్ 0.9, నైట్రోజన్ 0.97, కార్బన్ మోనాక్సైడ్ 0.97, ఆక్సిజన్ 1.1, ఇవి మధ్యలో. ఆర్గాన్ 1.38, కార్బన్ డయాక్సైడ్ 1.52, సల్ఫర్ డయాక్సైడ్ 2.2, క్లోరిన్ 2.45, ఇవి కిందికి. డ్రైనేజీలో వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ 1.17తో అంచు మీద ఉంటుంది. గాలి కదలని గుంటలో మాత్రం దాన్ని కిందికి దిగే గ్యాస్‌గానే లెక్కపెట్టాలి.

నీటి ఆవిరి కూడా వాయువే. దాని అణుభారం 18. అంటే తేమగాలి పొడిగాలి కంటే తేలిక. చెన్నైలో ఉండే మా చెల్లెలు మే నెలలో ఫోన్ చేసి "ఇక్కడ గాలి బరువుగా ఉందే" అంటుంది. చెమట ఆరక అలా అనిపిస్తుంది గానీ, ఆ గాలి నిజానికి తేలికపడింది.

అంకెల మీద నమ్మకం కుదరనివాళ్లు ఇంట్లోనే తూచి చూసుకోవచ్చు. మా పక్కింటి అత్తయ్యగారి మనవడు తొమ్మిదో తరగతి. "గ్యాస్‌ని కిచెన్ కాటా మీద తూయగలమా ఆంటీ" అని అడిగాడు. తూయగలం. ఒక ఆదివారం ఇద్దరం కలిసి చేశాం.

కావలసినవి: తాగునీళ్లు తెచ్చుకునే 20 లీటర్ల క్యాన్, ఒక్కో గ్రాము తేడా చూపే కిచెన్ కాటా, 90 గ్రాముల వంట సోడా, 75 గ్రాముల నిమ్మ ఉప్పు, రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా, చిటికెన వేలంత లావు ప్లాస్టిక్ పైపు మీటరు. సీసా మూతకి బెజ్జం పెట్టి, పైపు దూర్చి, చుట్టూ ఎం-సీల్ పెట్టి ఒక పూట ఆరనివ్వాలి. సన్న పైపు వద్దు, నురగ అడ్డం పడితే సీసాలో ఒత్తిడి పెరుగుతుంది. పైపు కొసని వేలితో మూయడం, మడవడం అసలే వద్దు. కిటికీలు తీసిపెట్టుకోండి.

క్యాన్ లోపల చుక్క తడి లేకుండా ఆరబెట్టాలి. దీనికి మాకు రెండు రోజులు పట్టింది. తొందరపడొద్దు, లోపల ఒక చెంచాడు నీళ్లున్నా లెక్క చెడుతుంది. ఆరిన క్యాన్‌ని తూచాం: 742 గ్రాములు. తర్వాత సీసాలో ఒక గ్లాసు నీళ్లు పోసి, 25 గ్రాముల నిమ్మ ఉప్పు కరిగించాం. సోడాని టిష్యూ కాగితంలో పది గ్రాముల చొప్పున సన్నని పొట్లాలు కట్టాం. పైపు రెండో కొస క్యాన్ అడుగుకి ఆనేలా పెట్టి, ఒక పొట్లం సీసాలో వేసి మూత బిగించాం. కాగితం తడిసేదాకా ఒకటి రెండు క్షణాలు ఏమీ జరగదు, ఆపైన బుసబుసా పొంగుతుంది. ఒకటి చల్లారాకే రెండోది. మూడు పొట్లాలయ్యాక సీసా కడిగి, మళ్లీ కొత్త నిమ్మ ఉప్పు నీళ్లు. ఇలా మూడు విడతలు, తొమ్మిది పొట్లాలు. కార్బన్ డయాక్సైడ్ బరువు కాబట్టి అడుగు నుంచి నిండుతూ, గాలిని పై మూతి గుండా బయటికి నెడుతుంది. బిందెలో నీళ్లు నిండినట్టే.

చివర్లో పైపు మెల్లిగా పైకి లాగేసి, వెలుగుతున్న అగ్గిపుల్లని క్యాన్ మూతి లోపలికి దించాం. మంట టప్పున ఆరిపోయింది, పొగ తీగ మాత్రం అక్కడే మూతి మీద మెలికలు తిరుగుతూ ఉండిపోయింది. మళ్లీ తూచాం: 751. కంటికి కనిపించేదేమీ లేదు, కానీ క్యాన్ తొమ్మిది గ్రాములు బరువెక్కింది. ఆ పిల్లాడు కాటా మీంచి క్యాన్ దించి, మళ్లీ పెట్టి, ఇంకోసారి పెట్టి చూశాడు. మూడుసార్లూ 751.

ఇక్కడ ఆగి ఒక సంగతి అర్థం చేసుకోవాలి. ఆ తొమ్మిది గ్రాములు లోపలున్న గ్యాస్ మొత్తం బరువు కాదు. గాలితో నిండిన క్యాన్‌ని తూచినప్పుడు లోపలి గాలి బరువు కాటాకి తెలియదు, ఎందుకంటే బయటా గాలే ఉంది. బావిలో చేద వేస్తే నీళ్లలో మునిగి ఉన్నంతసేపు చేద తేలిగ్గా ఉంటుంది, నీళ్లు దాటి పైకి రాగానే చేతికి బరువు తెలుస్తుంది. క్యాన్‌లో గాలి కూడా అలా మునిగి ఉన్న నీళ్లలాంటిదే. కాటా చూపించేది గాలికీ, దాని చోటులోకి వచ్చిన గ్యాస్‌కీ ఉన్న తేడా మాత్రమే. మనకి కావలసింది కూడా ఆ తేడానే.

లెక్క ఎంత రావాలి? బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడి వాతావరణ పీడనం సముద్రతీరంలో ఉండేదానికి దాదాపు 0.9 వంతే. 25 డిగ్రీల దగ్గర ఇక్కడ ఒక మోల్ వాయువు, అంటే అణుభారం ఎంతో అన్ని గ్రాముల వాయువు, 27.2 లీటర్లు ఆక్రమిస్తుంది. కాబట్టి లీటరు గాలి 29ని 27.2తో భాగిస్తే 1.07 గ్రాములు, లీటరు కార్బన్ డయాక్సైడ్ 44ని 27.2తో భాగిస్తే 1.62 గ్రాములు. ఇరవై లీటర్లకి తేడా 11 గ్రాములు. మాకు తొమ్మిదే వచ్చింది. అంటే క్యాన్‌లో ఇంకా అయిదో వంతు గాలి మిగిలిపోయింది, పొట్లాలు వేస్తున్నప్పుడు కొంత గ్యాస్ బయటికీ పోయింది. ఇంట్లో చేసుకున్న కొలతకి ఇది మంచి ఫలితమే.

చెన్నైలో మా చెల్లెలు 30 డిగ్రీల వేడిలో ఇదే చేస్తే అక్కడ మోల్‌కి 24.9 లీటర్లే. లీటరు గాలి 1.16, లీటరు కార్బన్ డయాక్సైడ్ 1.77. తేడా పన్నెండు గ్రాముల దాకా రావాలి. ఊరు మారితే సాంద్రత, అంటే లీటరు బరువు, మారింది. కానీ 1.77ని 1.16తో భాగించినా, 1.62ని 1.07తో భాగించినా వచ్చేది దాదాపు ఒకటే, 1.52. లీటరు గాలికి 1.29, కార్బన్ డయాక్సైడ్‌కి 1.98 అని పాఠ్యపుస్తకాల్లో ఇచ్చే అంకెలు సున్నా డిగ్రీల దగ్గరవి. వాటిని పట్టుకుని మన ఊళ్లో కొలతలతో సరిచూస్తే కుదరదు. 29తో పోల్చడం మాత్రం ఎక్కడైనా చెల్లుతుంది. ఒక్కటే షరతు, గ్యాస్ వేడి, గాలి వేడి సమానంగా ఉండాలి.

ఆ షరతు మరిచిపోతే లెక్క తలకిందులవుతుంది. "కార్బన్ డయాక్సైడ్ బరువైతే పొయ్యి పొగ పైకెందుకు పోతుంది?" అని ఆ పిల్లాడే అడిగాడు. వేడి వల్ల. వందడిగ్రీల గాలి, మామూలు గాలితో పోలిస్తే అణుభారం 23 ఉన్నదానిలా ప్రవర్తిస్తుంది. 29ని 300తో గుణించి 373తో భాగించండి, అదే వస్తుంది. ఆ రెండూ కెల్విన్‌లో ఉష్ణోగ్రతలు, సెల్సియస్‌కి 273 కలిపితే వచ్చేవి. చల్లదనంతో ఇది తిరగబడుతుంది. అమ్మోనియా అణుభారం 17, పైకి పోవాలి. కానీ కోల్డ్ స్టోరేజీలో ద్రవ అమ్మోనియా పైపు పగిలితే, మంచులాంటి తెల్ల మబ్బు నేల మీదే పాకుతుంది. వేడెక్కాక గానీ లేవదు. "అమ్మోనియా తేలిక కదా" అని ఆ మబ్బులోకి నడిచివెళ్లకూడదు.

బెలూన్లకీ ఇదే లెక్క. లీటరు హీలియం బెంగళూరులో 0.15 గ్రాములు, కాబట్టి 0.92 గ్రాముల బరువు మోయగలదు. చెన్నైలో ఒక గ్రాము మోస్తుంది. హైడ్రోజన్ హీలియంలో సగం బరువే అయినా, మోసే బరువు సుమారు ఎనిమిది శాతమే పెరుగుతుంది, ఎందుకంటే మోసేది గాలితో ఉన్న తేడా కదా. ఆ ఎనిమిది శాతం కోసం పుట్టినరోజుకి హైడ్రోజన్ బెలూన్లు తేకండి. గాలిలో నూటికి నాలుగు పాళ్ల నుంచి డెబ్బైఅయిదు పాళ్ల దాకా ఎంత కలిసినా అది అంటుకుంటుంది. కొవ్వొత్తి దగ్గర ఆ బెలూన్ పెట్టడమంటే పిల్లల ముఖాల దగ్గర నిప్పు పెట్టడమే. హీలియంతో మా గుంటూరుకి చుట్టరికం కూడా ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడ్డానికి ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరుకే వచ్చాడు. ఆ ఏడాది సూర్యుడి వెలుగుని రంగులుగా విడదీసి చూసినప్పుడు దొరికిన పసుపు గీతే తర్వాత హీలియంగా తేలింది.

సాంద్రత తేడా ఎంత చిన్నదైనా తేలిగ్గా తీసుకోకూడదు. గాలి నుంచి తీసిన నైట్రోజన్, రసాయనాల నుంచి తయారుచేసిన నైట్రోజన్ కంటే వెయ్యికి అయిదు పాళ్లు బరువు ఎక్కువ తూగుతోందని ఇంగ్లండ్ శాస్త్రజ్ఞుడు రేలీ గమనించాడు. పొరపాటని వదిలెయ్యలేదు. 1894లో రసాయన శాస్త్రజ్ఞుడు రామ్సేతో కలిసి, ఆ ఎక్కువ బరువుకి కారణమైన ఆర్గాన్‌ని కనుక్కున్నాడు. మా ఫ్యాక్టరీలో టిగ్ అనే రకం వెల్డింగ్‌కి వాడే సిలిండర్లలో ఉండేది అదే ఆర్గాన్. దానికి రంగు, వాసన, విషం ఏమీ లేవు. కానీ 1.38 కాబట్టి గుంటలో నిండి ఆక్సిజన్‌ని బయటికి తోసేస్తుంది. లోపలికి దిగినవాడికి ఊపిరాడటం లేదన్న సంగతి కూడా తెలియదు. నేరుగా కూలిపోతాడు.

ఇక రెండో సగం. సాంద్రత గ్యాస్ ఎక్కడుంటుందో చెబుతుంది, ఏం చేస్తుందో చెప్పదు. 44 అణుభారం ఉన్నవాటిలో మూడు చూడండి: మంటని ఆర్పే కార్బన్ డయాక్సైడ్, మంటగా మారే ప్రొపేన్, ఆపరేషన్ థియేటర్‌లో మత్తుకి వాడే నైట్రస్ ఆక్సైడ్. 28 దగ్గరా మూడు: మనం రోజంతా పీల్చే నైట్రోజన్, మామిడికాయని పండించే ఇథిలీన్, మనిషిని చంపే కార్బన్ మోనాక్సైడ్. కాటా మీద ఈ మూడింటినీ వేరుచేయలేం. అందుకే ప్రతి గ్యాస్ దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోవాలి, ఎక్కడుంటుంది, ఏం చేస్తుంది.

కార్బన్ మోనాక్సైడ్ గురించి గట్టిగా చెప్పాలి. బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ పెట్టుకుని తలుపులు, వెంటిలేటర్ మూసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆక్సిజన్ తగ్గే కొద్దీ మంట సరిగా మండక ఈ గ్యాస్ పుడుతుంది. వాసన లేదు. 0.97 కాబట్టి పైకీ పోదు, కిందికీ దిగదు, కింద కూర్చున్నా తప్పించుకోలేం. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. గీజర్ బాత్‌రూమ్ బయట, గాలి ఆడేచోట ఉండాలి. దీనికి మధ్యేమార్గం లేదు.

బావులు, సంపులు, అపార్ట్‌మెంట్ల మురుగునీటి ట్యాంకుల దగ్గర రెండు ప్రశ్నలూ ఒకేసారి అవసరమవుతాయి. మన ఊళ్లలో పూడిక తీసేముందు లాంతరు దించి చూడటం అలవాటు. ఆక్సిజన్ బాగా తగ్గితే లాంతరు ఆరుతుంది, నిజమే. కానీ అక్కడ మీథేన్ ఉంటే ఆ దీపమే అంటిస్తుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ మనిషిని చంపేంత ఉన్నా దీపం హాయిగా వెలుగుతూనే ఉంటుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తుందిలే అనుకోవద్దు, మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. నాలుగు గ్యాస్‌ల మీటరు (ఆక్సిజన్, మండే గ్యాస్‌లు, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ కొలిచేది) తాడుతో దించి పైన, మధ్యలో, అడుగున మూడుచోట్లా చూడాలి, ఎందుకంటే ఒక్కో గ్యాస్ ఒక్కో ఎత్తులో నిలుస్తుంది. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తక్కువుంటే దిగకూడదు. ఒకరు లోపల పడిపోతే రెండోవారు ఊపిరి పరికరం లేకుండా దూకకూడదు. అన్న కోసం తమ్ముడు, తమ్ముడి కోసం బావమరిది దిగి వరసగా పోయిన ఇళ్లు మన పల్లెల్లో ఉన్నాయి.

ఒకసారి బాగా కలిసిపోయిన వాయువులు మళ్లీ వాటంతటవి పొరలుగా విడిపోవు. చుట్టూ ఉన్న గాలిలో కార్బన్ డయాక్సైడ్ నేలకి దిగిపోకపోవడానికి కారణం అదే. ఎక్కువ మొత్తం ఒక్కసారిగా, గాలి కదలనిచోట బయటపడినప్పుడే సాంద్రత పెత్తనం చేస్తుంది. కామెరూన్‌లోని న్యోస్ సరస్సు నుంచి 1986 ఆగస్టు 21 రాత్రి అలా కార్బన్ డయాక్సైడ్ లోయలోకి దిగి, నిద్రలో ఉన్న సుమారు 1,700 మందిని చంపింది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఫ్యాక్టరీ నుంచి లీకై ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి వచ్చిన స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం) ఆవిరి అణుభారం 104. గాలికి మూడున్నర రెట్ల పైన.

ఇప్పుడు డిటెక్టర్ దగ్గరికి. బండ వాడేవాళ్లు గచ్చుకి సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టండి. పైపు గ్యాస్‌కి సీలింగ్‌కి 30 సెంటీమీటర్లు కిందుగా. స్టవ్‌కి నేరుగా పైన, కిటికీ పక్కన, ఎగ్జాస్ట్ ఫ్యాన్ దగ్గర వద్దు. చోటు మార్చితే సరిపోదు, డబ్బా మీద ఏ గ్యాస్‌కి చేసిందో చదవండి. బండ గ్యాస్ గాలిలో నూటికి రెండు పాళ్లుంటే అంటుకుంటుంది, మీథేన్‌కి అయిదు పాళ్లు కావాలి. రెండిటికీ సెన్సర్ సెట్టింగ్ వేరు. లీక్ వాసన వస్తే ఏ స్విచ్చీ వేయొద్దు, వేసి ఉన్న లైటు, ఫ్యాను స్విచ్ ఆపొద్దు. రెగ్యులేటర్ గానీ వాల్వ్ గానీ మూసి, తలుపులన్నీ తీసి బయటికి రండి. బండైతే బాల్కనీ తలుపు, వీధి తలుపు బార్లా తెరవాలి, ఒక్క వెంటిలేటర్ తీస్తే నేలన ఉన్నది పోదు. బయటికొచ్చాక బండ లీకైతే 1906కి ఫోన్ చేయండి. పైపు గ్యాస్‌కి అయితే మీ బిల్లు మీదుండే ఎమర్జెన్సీ నంబరు.

మా ఇంట్లో మీథేన్ డిటెక్టర్ కొత్తది కొని పైన బిగించాం. అత్తయ్యగారి డిటెక్టర్‌ని ఆ రోజే కిందికి దింపించాను. వాళ్లకి కనెక్షన్ వచ్చే నెల. సీలింగ్ కింద రంధ్రాలు ఎలాగూ ఉన్నాయి కాబట్టి కొత్తది అక్కడే వస్తుంది. ఆవిడ మనవడు ఆ రంధ్రాల పక్కన పెన్సిల్‌తో 16 అని, కింద డిటెక్టర్ పక్కన 44, 58 అని రాసి పెట్టాడు.